చిన్న కారు దాహం ఎంత? పాతబస్తీ వీథులలో మైలేజీ కథ

హైదరాబాదు పాతబస్తీలో, చార్మినారుకు కొద్ది దూరంలో, చౌమహల్లా ప్రాసాదం ఉన్నది. ఒకప్పుడు నిజాములు కొలువు తీరిన ఆ ప్రాంగణంలో పసుపుపచ్చని పెద్ద మోటారుకారు ఒకటి సందర్శకులను ఆకర్షిస్తుంది. అది 1912 నాటి రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ దానికి ఆర్డరు ఇచ్చాడు. కారు చేతికి రాకముందే, 1911లో, ఆయన మరణించాడు. అది ఆయన కుమారుడు ఉస్మాన్ అలీఖాన్ కొలువుకు చేరినది. వెనుక ఆసనం సింహాసనం వలె ఎత్తుగా అమర్చి ఉండడంచేత దానికి 'సింహాసనపు కారు' అని పేరు వచ్చినది. ఉత్సవాలకు తప్ప బయటికి తీయకపోవడంవలన, నూరేళ్లు దాటినా అది తిరిగినది కొన్ని వందల మైళ్లు మాత్రమే.

ప్రాసాదపు ద్వారం దాటి వీథిలోకి వస్తే దృశ్యం పూర్తిగా మారిపోతుంది. ఆటోలు, స్కూటర్లు, తోపుడుబండ్లు, వాటి నడుమ చిన్న కార్లు. కొత్తగా కారు కొన్నవానిని ఇరుగుపొరుగువారు మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: “మైలేజీ ఎంత ఇస్తుంది?” మనదేశంలో మైలు పోయి కిలోమీటరు వచ్చి ఎన్నో ఏళ్లయినది. అయినా 'మైలేజీ' అనే మాట మాత్రం పోలేదు.

యజమాని చెప్పే అంకె ఒకటి; కంపెనీవారి ప్రకటనలో ఉండే అంకె మరొకటి. ఈ రెండింటికీ పొత్తు కుదరకపోతే కంపెనీ అబద్ధం చెప్పినదనో, పెట్రోలుబంకువాడు మోసం చేశాడనో అనుకుంటారు. కాని మైలేజీ అనేది కారు రంగు వలె, బరువు వలె కారుకు అంటిపెట్టుకొని ఉండే గుణం కాదు. అది కారు, దారి, నడిపేవాడు ఈ ముగ్గురూ కలసి తేల్చే లెక్క. నూరేళ్లకు పైగా ఇంజనీర్లు ఈ లెక్కను ఒక అంకెలో పట్టుకోవాలని ప్రయత్నిస్తున్నారు. ఆ ప్రయత్నాల చరిత్రే ఈ వ్యాసానికి విషయం.

1911 నాటి పందెం

చౌమహల్లా కారుకు ఆర్డరు అందిన కాలంలోనే బ్రిటనులో రెండు మోటారు కంపెనీల మధ్య గట్టి పోటీ జరిగినది. నేపియర్ కంపెనీవారు తమ 65 అశ్వశక్తి కారును లండను నుంచి ఎడిన్‌బరో నగరానికి, అక్కడనుంచి తిరిగి లండనుకు, ఆసాంతం టాప్ గేరులోనే నడిపించి చూపారు. గాలను పెట్రోలుకు 19.35 మైళ్లు వచ్చినవి. అదే కారు బ్రూక్‌లాండ్స్ పందెపుబాటమీద గంటకు 76.42 మైళ్ల వేగం అందుకున్నది.

రోల్స్‌రాయిస్‌వారు ఊరుకోలేదు. 1911లో ఎర్నెస్ట్ హైవ్స్ అనే ఇంజనీరు చక్రం పట్టి, సిల్వర్ ఘోస్ట్‌ను అదే దారిలో, అదే విధంగా, టాప్ గేరు మార్చకుండా నడిపాడు. రాయల్ ఆటోమొబైల్ క్లబ్బువారు దానిని పర్యవేక్షించారు. గాలనుకు 24.32 మైళ్లు వచ్చినవి. సగటు వేగం గంటకు 19.59 మైళ్లు. తర్వాత బ్రూక్‌లాండ్స్‌లో ఆ కారు గంటకు 78.26 మైళ్ల వేగంతో పరుగెత్తినది.

నేటి కొలతలలో చెప్పాలంటే, లీటరుకు సుమారు 8.6 కి.మీ., సగటు వేగం గంటకు సుమారు 31.5 కి.మీ. ఆ ఇంజను సిలిండర్ల మొత్తం ఘనపరిమాణం 7,428 ఘన సెంటీమీటర్లు. నేటి వాడుకలో 7,428 సీసీ అన్నమాట. మన చిన్న కార్ల ఇంజనుకు అది ఆరేడు రెట్లు.

ఈ పందెంలో గమనించవలసిన విశేషం ఒకటున్నది. పొదుపు, వేగం రెండూ ఒకే కారులో ఉన్నాయని చూపడమే కంపెనీల ఉద్దేశం. నిజమే, కారు ఒక్కటే. కాని పొదుపును కొలిచినది నెమ్మదిగా సాగిన ప్రయాణంలో. వేగాన్ని కొలిచినది పందెపుబాటమీద. రెండు గుణాలూ ఆ కారులో ఉన్నవిగాని, ఒకే క్షణంలో ఉన్నవి కావు. నేడు చురుకైన చిన్న కారు కొనేవారు మరచిపోయే సంగతి సరిగా ఇదే.

కొరత కన్న కారు

పెట్రోలు చౌకగా దొరికినంతకాలం మైలేజీ అందరి సమస్య కాలేదు. 1956లో సూయజ్ కాలువ సంక్షోభం వచ్చినది. కాలువ మూతపడి చమురు ఓడలు ఆగిపోయినవి. ఆ డిసెంబరు నుంచి 1957 మే వరకు బ్రిటనులో పెట్రోలును రేషనుమీద ఇచ్చారు. తక్కువ పెట్రోలుతో నలుగురిని మోసే చిన్న కారును తయారుచేయమని బ్రిటిష్ మోటార్ కార్పొరేషను అలెక్ ఇసిగోనిస్ అనే ఇంజనీరును కోరినది. ఆయన ఇంజనును అడ్డంగా తిప్పి అమర్చి, 10 అడుగుల పొడవులో నలుగురికి చోటు కల్పించాడు. 848 సీసీ ఇంజనుతో 'మినీ' 1959 ఆగస్టులో బజారుకు వచ్చినది.

పొదుపుకోసం పుట్టిన ఆ కారు రెండేళ్లకే పందెపు గుర్రమైనది. తేలికగా, నేలకు దగ్గరగా ఉండడంవలన అది మలుపులలో అతి చురుకుగా తిరిగేది. ఇది చూచి పందెపుకార్ల నిర్మాత జాన్ కూపర్ 1961లో దానికి 997 సీసీ ఇంజను, రెండు కార్బురేటర్లు అమర్పించాడు. 1964లో మినీ కూపర్ ఎస్ కారు మాంటీకార్లో ర్యాలీలో విజయం సాధించినది. పొదుపుకూ చురుకుకూ మూలం ఒక్కటే: తేలికదనం. కాని ఆ తేలికదనాన్ని పెట్రోలు ఆదాకు వాడుకోవాలా, జోరుకు వాడుకోవాలా అన్నది కాలు ఎక్సలరేటరుమీద పెట్టినవాని చేతిలో ఉన్నది.

మనదేశంలోనూ ఇదే కథ నడిచినది. మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రోడక్ట్స్‌వారు 1961లో 'స్టాండర్డ్ హెరాల్డ్' అనే 948 సీసీ కారును తీసుకువచ్చారు. ఇంగ్లండులోని ట్రయంఫ్ హెరాల్డ్ దీనికి మాతృక. ఆ కారు తిరిగే వలయం 25 అడుగులే. సందులలో మలుపు తిప్పుకోవడానికి అంతకన్న అనువైన కారు ఆనాడు మన రోడ్లమీద లేదు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చినది. దాని ఇంజను మూడు సిలిండర్లది, 796 సీసీ. కారు బరువు సుమారు 650 కిలోలు. మధ్యతరగతి కుటుంబం మైలేజీ లెక్కవేసుకొని కారు కొనడం దానితో మొదలైనదని చెప్పవచ్చును. 1993లో వచ్చిన మారుతి జెన్ 993 సీసీ అల్యూమినియం ఇంజనుతో యువకుల మనసు దోచుకున్నది. పొదుపైన కారునుంచి చురుకైన కారు పుట్టడం ఇక్కడా జరిగినది.

రోడ్డును గదిలోకి తెచ్చిన కథ

1973 అక్టోబరులో పశ్చిమాసియా యుద్ధం వచ్చినది. కొద్ది నెలలలోనే పీపా ముడిచమురు ధర సుమారు 3 డాలర్లనుంచి 12 డాలర్ల దాకా పెరిగినది. 1975లో అమెరికా ప్రభుత్వం కార్ల ఇంధన వినియోగానికి ప్రమాణాలు నిర్ణయిస్తూ చట్టం చేసినది. ప్రమాణం పెట్టాలంటే కొలత కావాలి. కొలత అందరికీ ఒకటే కావాలి. ఒకరు ఎండలో, ఒకరు వానలో, ఒకరు కొండమీద, ఒకరు మైదానంలో నడిపి చెప్పిన అంకెలను పోల్చడం ఎట్లా?

అందుచేత ఇంజనీర్లు రోడ్డునే గదిలోకి తెచ్చారు. కారు చక్రాలను ఇనుప ఉరుళ్లమీద నిలబెడతారు. చక్రాలు తిరుగుతాయి, కారు కదలదు. ఏ క్షణంలో ఎంత వేగంతో పోవాలో ఒక రేఖాపటం చెబుతుంది. నడిపేవాడు దానిని అనుసరిస్తాడు. ఈ రేఖాపటానికి 'డ్రైవింగ్ సైకిల్' అని పేరు. అమెరికావారు లాస్ ఏంజెలస్ నగరంలోని ఒక దారిలో నిజంగా కారు నడిపి ఆ పటం గీశారు. దాని సగటు వేగం గంటకు సుమారు 31.5 కి.మీ. 1911లో సిల్వర్ ఘోస్ట్ సగటు వేగం కూడా అంతే! అయినా రెండు ప్రయాణాలకూ పోలిక లేదు. ఒకటి నిలకడగా సాగినది. మరొకటి ఆగుతూ, లేస్తూ సాగినది. సగటు అనే అంకె ఎన్ని ఆగుడులను తన కడుపులో దాచుకుంటుందో విద్యార్థులు ఇక్కడ గ్రహించాలి.

గదిలో వచ్చిన అంకె వీథిలో రావడం లేదని అమెరికాలో ఫిర్యాదులు వచ్చినవి. 1985 మోడలు కార్లనుంచి పట్టణపు అంకెను 10 శాతం, రహదారి అంకెను 22 శాతం తగ్గించి ప్రకటించడం మొదలుపెట్టారు.

మనదేశంలో వాహనాలను పరీక్షించే ఆటోమోటివ్ రిసెర్చి అసోసియేషను 1966లో పుణేలో ఏర్పడినది. భారతీయ రోడ్లకోసం రూపొందిన తొలి డ్రైవింగ్ సైకిలులో 108 సెకండ్ల ప్రయాణాన్ని ఆరుసార్లు తిప్పుతారు. అందులో గరిష్ఠ వేగం గంటకు 42 కి.మీ., సగటు సుమారు 22 కి.మీ. తర్వాత ఐరోపా పద్ధతిని మన వేగాలకు తగ్గట్టు సవరించి మరొకటి తెచ్చారు. అది 1,180 సెకండ్లు సాగుతుంది. గరిష్ఠ వేగం 90 కి.మీ., సగటు సుమారు 32 కి.మీ. మన కార్ల ప్రకటనలలో కనబడుతూ వచ్చిన మైలేజీ ఈ పరీక్షలో తేలినదే. అది అబద్ధం కాదు. కాని అది పాతబస్తీలో తేలినదీ కాదు.

చార్మినారునుంచి అఫ్జల్‌గంజికి

చార్మినారును 1591లో కట్టారు. నాలుగు దిక్కులకూ నాలుగు దారులు తీర్చారు. కాలినడకకు, గుర్రాలకు, పల్లకీలకు అవి విశాలమైన రాజవీథులే. నేడు ఒక చిన్న కారు చార్మినారు దగ్గరనుంచి బయలుదేరి పత్తర్‌గట్టి, మదీనా, నయాపూల్‌ల మీదుగా అఫ్జల్‌గంజి వైపు 2 కి.మీ. ప్రయాణం చేస్తున్నదనుకుందాం. మనుషులతో కలిపి బరువు 1,000 కిలోలు. ఇంజను వేడెక్కే ఉన్నది. ఈ లెక్కను ఉపాధ్యాయులు తరగతిలో నల్లబల్లమీద చేసి చూపవచ్చును.

గంటకు 36 కి.మీ. అంటే సెకండుకు 10 మీటర్లు. ఆ వేగంలో కారు గతిజశక్తి 50,000 జౌళ్లు. బ్రేకు వేసి ఆగిన ప్రతిసారీ ఈ శక్తి అంతా బ్రేకులలో వేడిగా మారి గాలిలో కలుస్తుంది. లీటరు పెట్రోలులో సుమారు 3 కోట్ల 20 లక్షల జౌళ్ల శక్తి ఉన్నది. అందులో అయిదో వంతు మాత్రమే చక్రాలను చేరుతుందనుకుంటే 64 లక్షల జౌళ్లు. అంటే 128 సార్లు ఆగి లేచేసరికి లీటరు పెట్రోలు బ్రేకులకే ఆహుతి అయిపోతుంది.

సాయంత్రపు రద్దీలో మన కారు 12 సార్లు ఆగినదనుకుందాం. తిరిగి లేవడానికి 94 మిల్లీలీటర్లు కావాలి. ఆగిన సమయం మొత్తం 8 నిమిషాలు. కారు నిలిచి ఉన్నా ఇంజను తిరుగుతూనే ఉంటుంది; చిన్న ఇంజను అట్లా నిమిషానికి 10 మిల్లీలీటర్ల చొప్పున తాగుతుందనుకుంటే 80 మిల్లీలీటర్లు. ఇక టైర్లకూ రోడ్డుకూ మధ్య నిరోధాన్ని జయించడానికి సుమారు 37 మిల్లీలీటర్లు. ఇంత తక్కువ వేగంలో గాలి నిరోధం స్వల్పమే కనుక దానిని వదలివేయవచ్చును. మొత్తం 211 మిల్లీలీటర్లు. లీటరుకు సుమారు 9.5 కి.మీ. అన్నమాట!

1911లో ఏడు లీటర్ల ఇంజనుగల రోల్స్‌రాయిస్ ఇచ్చినది 8.6. నేటి చిన్న కారు పాతబస్తీ సాయంత్రంలో ఇచ్చేది దానికి కొద్దిగా ఎక్కువ మాత్రమే. సింహాసనపు కారును చూచి “అది ఎంత పెట్రోలు తాగేదో!” అని ఆశ్చర్యపడి బయటికి వచ్చిన సందర్శకుడు, తన కారు ఎక్కి ఇంచుమించు అంతే తాగించుకుంటూ ఇల్లు చేరుతున్నాడు.

అదే కారు, అదే దారి, తెల్లవారుజామున. నాలుగుసార్లు మాత్రమే ఆగినది. నిలిచిన సమయం 2 నిమిషాలు. లేవడానికి 31, నిలబడడానికి 20, టైర్లకు 37. మొత్తం 88 మిల్లీలీటర్లు. లీటరుకు 22 కి.మీ.కి పైగా. కారు మారలేదు, మైలేజీ మాత్రం రెట్టింపుకు మించినది.

ఇప్పుడు అదే సాయంత్రపు రద్దీలో చురుకైన కారును జోరుగా నడిపే యువకుని కూర్చోబెడదాం. సందు దొరికినప్పుడల్లా అతడు 36కు బదులు 54 కి.మీ. వేగానికి లేపుతాడు. వేగం ఒకటిన్నర రెట్లయితే గతిజశక్తి రెండుంబావు రెట్లవుతుంది. లేవడానికే 211 మిల్లీలీటర్లు ఖర్చవుతుంది. మొత్తం 328 మిల్లీలీటర్లు. లీటరుకు సుమారు 6 కి.మీ. ఇంత చేసి అతడు సంపాదించేది ముందున్న ఆటో వెనుక కొన్ని సెకండ్లు ముందుగా ఆగడం!

ఇంట్లో పులి, వీథిలో పిల్లి

2006 నాటి కేంద్ర బడ్జెటులో, పొడవు 4 మీటర్లకు, పెట్రోలు ఇంజను 1,200 సీసీకి మించని కార్లపై ఎక్సైజు సుంకాన్ని 24 శాతంనుంచి 16 శాతానికి తగ్గించారు. సుంకం తగ్గిన హద్దులోనే ఉంటూ జోరు పెంచడానికి మార్గం వెదకిన కంపెనీలకు టర్బోచార్జరు అక్కరకు వచ్చినది. బయటికి పోయే పొగ వేగంతో ఒక చిన్న చక్రం తిరుగుతుంది. అది ఇంజనులోకి గాలిని ఎక్కువ ఒత్తిడితో తోస్తుంది. గాలి ఎక్కువ కనుక పెట్రోలూ ఎక్కువ మండుతుంది. శక్తీ ఎక్కువ వస్తుంది. కాలు మెల్లగా వేస్తే ఇది చిన్న ఇంజను, గట్టిగా తొక్కితే పెద్ద ఇంజను. పరీక్షగదిలో రేఖాపటం కాలిని మెల్లగానే వేయిస్తుంది. వీథిలో అట్లా వేయించేవారు లేరు. అందుచేత ఇటువంటి కార్లలో ప్రకటించిన అంకెకూ చేతికి వచ్చే అంకెకూ ఎడం మరింత ఎక్కువ. ఇంట్లో పులి, వీథిలో పిల్లి అనే సామెత ఇక్కడ చక్కగా అమరుతుంది.

ఐరోపాలో ఈ ఎడాన్ని ఏళ్ల తరబడి లెక్కకట్టారు. 2001లో అది సుమారు 9 శాతం. 2015 నాటికి సుమారు 40 శాతానికి పెరిగినది. పరీక్ష ముందే తెలిసిపోవడంవలన కార్లను పరీక్షకు తగినట్లు తయారుచేయడం దీనికి ముఖ్య కారణం. ప్రశ్నపత్రం ముందుగా తెలిసిన విద్యార్థికి వచ్చిన మార్కులవంటివి ఆ అంకెలు. 2017 సెప్టెంబరునుంచి అక్కడ కొత్త పరీక్ష పెట్టారు. అందులో 1,800 సెకండ్లపాటు 23 కి.మీ.కి పైగా నడపాలి. గరిష్ఠ వేగం 131 కి.మీ. మనదేశంలో 2023 ఏప్రిలునుంచి కార్ల పొగను గదిలోనేగాక నిజమైన రోడ్డుమీద కూడా కొలవాలనే నియమం వచ్చినది. అది పొగకు సంబంధించినదే అయినా, గదిలోని కొలత చాలదని ఒప్పుకోవడం మాత్రం అందులో ఉన్నది.

పెట్రోలు కూడా మారినది. 2025 నాటికి మనదేశంలో 20 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు సాధారణమైనది. లీటరు ఇథనాలులోని శక్తి లీటరు పెట్రోలులోని శక్తికి మూడింట రెండు వంతులు మాత్రమే. అందువలన ఈ మిశ్రమంలో శక్తి, ఇథనాలు లేని పెట్రోలుతో పోల్చితే, సుమారు 7 శాతం తక్కువ. పాత పుస్తకంలోని అంకెను నేటి పెట్రోలుతో పోల్చేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మన లెక్క మనం వేసుకోవడం

ఇంజనీర్లు ఆగుడులనే శత్రువుగా గుర్తించి మందు వెదికారు. 1997 డిసెంబరులో జపానులో వచ్చిన టొయోటా ప్రియస్ బ్రేకులలో పోయే శక్తిలో కొంత భాగాన్ని బ్యాటరీలోకి మళ్లించినది. నిలబడినప్పుడు ఇంజనును ఆపివేసినది. నేడు కొన్ని చిన్న కార్లలో కూడా నిలబడగానే ఇంజను దానంతట అది ఆగే ఏర్పాటు ఉన్నది. ఇటువంటి ఏర్పాటు లేనివారు ఎక్కువసేపు ఆగవలసివచ్చినప్పుడు తాళం తిప్పి ఇంజను ఆపుకోవచ్చును.

నిజమైన మైలేజీ తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కరలేదు. ట్యాంకు నిండా పెట్రోలు పోయించి కిలోమీటర్ల అంకె రాసుకోవాలి. కొన్ని వందల కిలోమీటర్లు నడిచిన తర్వాత మళ్లీ నిండా పోయించాలి. నడిచిన దూరాన్ని రెండవసారి పట్టిన లీటర్లతో భాగిస్తే సరి. అయితే వచ్చిన అంకె పక్కన మరి రెండు సంగతులు తప్పక రాయాలి: ఏ దారిలో, ఏ వేళలో నడిపినది. అవి లేని అంకె, తేదీ లేని శాసనం వంటిది. అది నిజమే అయినా దానితో చరిత్ర రాయలేము.

మనదేశం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా పరాయి దేశాలనుంచి కొనితెచ్చుకుంటున్నదే. చార్మినారు దగ్గర నిలబడి ఇంజను తిప్పుతున్న ప్రతి కారూ ఆ చమురును కదలకుండా కాల్చివేస్తున్నది. ఆ పొగను అక్కడే గాజులు అమ్ముకునే దుకాణందారులు పొద్దంతా పీలుస్తున్నారు. మైలేజీ పెంచే పని కారు కంపెనీది మాత్రమే కాదు. ట్రాఫిక్కు దీపాలు అమర్చేవారిది, రోడ్డుమీద అడ్డంగా బండి నిలిపేవారిది, ఎక్సలరేటరుమీద కాలు పెట్టినవారిది కూడా. ఒకే దారిలో ఒకే కారు 6, 9, 22 అనే మూడు అంకెలు ఇవ్వగలదని పైలెక్క చూపినది. వాటిలో ఏది మనకు రావాలన్నది చాలావరకు కారు కొన్న తర్వాతనే నిర్ణయమవుతుంది.